గోడకి ఆనించిన బొమ్మ

గోడకి ఆనించి పెట్టారండీ దాన్ని! అలా పెట్టకూడదు. నాలుగు వైపుల నుంచీ చూడవలసిన వస్తువది. బల్ల మధ్యలో ఉండాలి, మనిషి చుట్టూ తిరగాలి. అలాంటిది, ఒక పక్క పొగలు కక్కే అగ్నిపర్వతం, ఇంకో పక్క అట్టముక్కల రాకెట్టు, ఆ రెంటి మధ్య మాది. వీపు గోడకి. భుజానికి సున్నం కూడా అంటింది.

మాది అంటే... పిల్లదండి. మా మేనకోడలిది.

కుర్చీ వద్దండి, ఈ అరుగు చాలు. మీరు పని ఆపకండి మాస్టారూ. ఆ వెదురు బద్ద వంచి పట్టుకుని ఉన్నారు, వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది. కట్టండి, కట్టండి. క్రిస్మస్ నక్షత్రమా? ఇప్పటి నుంచే మొదలుపెడతారన్నమాట. చర్చి మీదకా? ఎంత పెద్దదో!

నన్ను గుర్తుపట్టినట్టు లేరు. చలపతిరావునండి. తెనాలిలో ఎరువుల కొట్టు. మొన్న బుధవారం బాపట్లలో ఆ బడివాళ్ళు పిల్లల ప్రదర్శన పెడితే, బహుమతులు నిర్ణయించడానికి మిమ్మల్ని పిలిచారు కదా. రోబో బొమ్మ దగ్గర ఆగి, మా తేజస్విని మైకులో ఒక ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్న గురించే పొద్దున్నే రేపల్లె బండెక్కి వచ్చాను.

తప్పుగా అనుకోకండి. మీరు పెద్దవారు. ఎబినేజర్ మాస్టారి ఇల్లెక్కడని స్టేషన్ బయట అడిగితే, ఆటో నడిపే ఆయన 'డ్రాయింగు సార్ ఇల్లేగా, ఎక్కండి బాబాయ్, నాకు ఏనుగు బొమ్మ నేర్పింది ఆయనే' అన్నాడు. దారంతా ఆ ఏనుగు గురించే చెప్పాడు. తొండం ఇప్పటికీ కుదరదట.

కానీ ఎనిమిదో తరగతి పిల్లని, హాలు నిండా జనం ఉండగా, నోటి దగ్గర మైకు పెట్టి అడగడం భావ్యమేనా అండి? పక్కకి పిలిచి అడిగితే సరిపోయేది కాదూ?

అవుననుకోండి, మీరు ప్రేమగానే అడిగారు. నేను కాదనను. ముందు మంచు సంగతి ఎత్తారు. 'పొద్దుటి మంచు ఇంత బాగా ఎలా తెచ్చావమ్మా' అన్నారు. దానికి అది తడుముకోకుండా చెప్పింది, స్ప్రే కొడితే వచ్చిందండి అని. తర్వాత మీరు వంగి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఆ చిన్న పొలంలో వేసిన వరికుప్పని చూశారు. చాలాసేపు చూశారు. వెనక వరసలోంచి నేను మిమ్మల్నే చూస్తున్నాను. అప్పుడు అడిగారు. 'అమ్మా, కుప్పంతా గడ్డే కనిపిస్తోందే, వడ్లేవి?' అని.

అదేమంత కష్టమైన ప్రశ్నండీ? మన వైపు పొలం గట్టెక్కినవాడెవడైనా చెప్తాడు. కుప్ప వేసేటప్పుడు వెన్నులు లోపలికీ, మొదళ్ళు బయటికీ వచ్చేలా పేరుస్తారు. వాన పడినా, పిట్ట వాలినా గింజ భద్రంగా ఉంటుంది.

దానికి తెలియదండి. ఎలా తెలుస్తుంది? అది పుట్టేసరికే మా పొలాల్లోకి కోత మిషన్లు దిగాయి. పొద్దున దిగిన మిషను సాయంత్రానికల్లా గింజల్ని ట్రాక్టరులో పోసి తన దారిన తాను పోతుంది. కుప్ప అన్నదాన్ని ఆ పిల్ల కంటితో చూడలేదు.

అయినా ఏదో ఒకటి చెప్పాలి కదా. మైకు నోటి దగ్గరే ఆగి ఉంది.

'గింజలు... రోబో తినేసిందండి' అంది.

హాలంతా ఘొల్లుమంది. మీరూ నవ్వారు మాస్టారూ. నేను కూడా నవ్వాననుకుంటాను.

ఆ నవ్వు మీదే మీరన్నారు, 'ఈ కుప్ప వేసిన చెయ్యి నిజం కుప్పలు వేసిన చెయ్యమ్మా. ఎవరు వేశారు, తాతగారా?' అని. మీ దృష్టిలో అది మెచ్చుకోలు. నాకు తెలుసు. కానీ ఆ మాట మీ నోట్లోంచి రావడమేంటి, హెడ్‌మిస్ట్రెస్ గారు లేచి మైకు అందుకోవడమేంటి! ఆ తర్వాత మీరు పై అంతస్తులో బల్లలు చూడ్డానికి వెళ్ళిపోయారు. వెళ్ళిపోయాక జరిగింది మీకు తెలియదు.

క్లాస్ లీడర్ అని చొక్కాకి ఒక బ్యాడ్జి పెట్టుకుంటుందండి అది. ఇంటికొచ్చినా తీసేది కాదు. పడుకునేటప్పుడు కూడా తలగడ పక్కన పెట్టుకునేదట. ఆ బ్యాడ్జి విప్పించేశారు. సోమవారం ప్రార్థన దగ్గర, బడి మొత్తం ముందు, వేరేవాళ్ళు చేసిన వస్తువు తనదని తెచ్చిందని చదువుతారట. దాని చేతే క్షమాపణ చెప్పిస్తారట. మా చెల్లెలు ప్రమీల ఫోన్ చేసి ఒకటే ఏడుపు. అన్నయ్యా, ఇది గదిలోంచి బయటికి రావట్లేదు, నోరు విప్పట్లేదు, అన్నం కలిపి పెడితే కంచం అలాగే ఉంటోంది, అని.

అందుకని వచ్చాను. మీరు ఒక్క ఫోన్ చేస్తే చాలు. నేనే పొరబడ్డాను, పిల్లే చేసి ఉంటుంది, అని ఆ హెడ్‌మిస్ట్రెస్ గారితో ఒక్క మాట. మీ మాటంటే వాళ్ళకి గురి.

అలా చూడకండి మాస్టారూ. అబద్ధం చెప్పమని కాదు. అంటే... ఒక రకంగా అబద్ధమే అనుకోండి.

ఎవరు చేశారంటారా? చేశారు, ఒకాయన. వయసు మళ్ళినాయనే. మంచి కుటుంబం, నలుగురూ నమస్కారం పెట్టే మనిషి. ఊళ్ళో అన్నదమ్ములకి పంపకాలు తేలకపోతే ఆయన్నే పిలుస్తారు. పేరు బయటికొస్తే ఆయనకి... ఆయన సంగతి మనకెందుకు లెండి.

ఏంటండీ, నా చేతుల వంక చూస్తున్నారు?

అది... రంగండి. గోళ్ళ సందుల్లో. తుప్పు రంగు. ఎంత తోమినా పోవడం లేదు.

...

అవునండి. నేనే.

ఆ చెంబులోవి మంచినీళ్ళేనా? కొంచెం ఇలా ఇవ్వండి. ఈ మాట బయటి మనిషితో అనడం ఇదే మొదలు. అనగానే ఏదో జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. మీరు మళ్ళీ దారం చుట్టుకుంటున్నారు.

చూడండి, మీరు వీధి అరుగు మీద కూర్చుని వెదురు బద్దలతో, రంగు కాగితాలతో నక్షత్రం కడుతున్నారు. డెబ్బై దాటి ఉంటాయి మీకు. వచ్చేపోయేవాళ్ళు 'బాగుంది సార్' అని వెళ్తున్నారు. ఈ ముసలాయన ఆడుకుంటున్నాడని ఒక్కరూ అనరు. దేవుడి పని కాబట్టి అనరా? లేక మీరు దాచుకోరు కాబట్టి అనరా? దీని గురించి నేను చాలా ఆలోచించాను. తేలలేదు.

నాకు తాగుడు లేదండి. పేకాట లేదు. ఉన్నా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదేమో. క్లబ్బులో పేకాడి మధ్యాహ్నం ఇంటికొచ్చే పెద్దమనుషులు మా తెనాలిలో ఎంతమంది లేరు? వాళ్ళని ఎవరైనా తక్కువగా చూస్తారా? కానీ యాభై నాలుగేళ్ళవాడు, కొడుక్కి సంబంధాలు చూస్తున్నవాడు, మేడ మీద గది తలుపు వేసుకుని బొమ్మకి మోకాలు అతికిస్తున్నాడంటే మాత్రం... మనిషిలో ఏదో తేడా ఉందనుకోరూ?

మోకాలంటే గుర్తొచ్చింది. మొదలైంది నా మోకాలితోనే. కొట్లో మెట్టు తప్పి పడి నెలరోజులు మంచం మీద ఉన్నాను. ఫోన్లో ఏదో చూస్తుంటే ఒకాయన కనిపించాడు. మాట్లాడడు. మొహం కూడా చూపించడు. రెండు చేతులు మాత్రమే. కాల్పనిక కథల్లో యుద్ధాలు చేసే ఒక మరమనిషి బొమ్మని ముక్కముక్కగా కడుతున్నాడు. ప్లాస్టిక్ చట్రాలుంటాయండి, చిక్కుడు తీగకి కాయల్లాగా వాటికి ముక్కలు వేలాడుతుంటాయి. ఒక్కోటీ కత్తిరించి, అంచు అరగదీసి, ఇంకోదానికి తొడగడం. భుజం తిరుగుతుంది. వేళ్ళు ముడుచుకుంటాయి. అలా చూస్తూ ఉండిపోయాను. ఎంతకాలమైందో నా చేతులతో నేనొక పని చేసి, అనిపించింది. సంతకాలు తప్ప.

తెప్పించాను. పార్సెల్ కొట్టుకే వచ్చింది. మా ముత్తయ్య, గుమాస్తా లెండి, ఊపి చూసి 'ఏంటండీ, స్ప్రేయర్ పార్టులా?' అన్నాడు. అవునన్నాను. అక్కడ మొదలయ్యాయి అబద్ధాలు.

మా ఆవిడ బిందుమాధవికి తెలుసు. 'లక్కపిడతలు కూడా తెప్పించండి, ఇద్దరం కూర్చుని వండుకుందాం' అనేది. వెక్కిరింతే కానీ, మధ్యాహ్నం టీ మేడ మీదకే తెచ్చిపెట్టేది.

రోబో తొందరగానే అయిపోయింది. అది నిలబడే నేల దగ్గర నేను చిక్కుకుపోయాను. ఫోన్లో వాళ్ళందరూ దాన్ని కూలిన నగరాల్లో, ఏవో గ్రహాల మీద నిలబెడతారు. నాకు గ్రహాలు తెలియవు కదా. నాకు తెలిసిన నేల ఒకటే, అమృతలూరులో మా పొలం. కౌలుకిచ్చి ఇరవై ఏళ్ళయింది. ఒక ఆదివారం వెళ్ళి గుప్పెడు మట్టి రుమాలులో కట్టుకొచ్చాను. టీ వడకట్టే జాలీతో జల్లించాను. యుద్ధాలన్నీ అయిపోయి, ఎవరూ పిలవని మరమనిషి ఒకటి, మా పొలంలో మోకాళ్ళ దాకా దిగబడి, తుప్పు పట్టి నిలబడిపోయిందనుకున్నాను. పక్కన నీళ్ళు పారే పంట బోదె. కోసిన మళ్ళు. ఒక కుప్ప.

ఆ కుప్ప... గోనెసంచి పీచు కత్తిరించి ఒక్కో కట్టా కట్టానండి. ప్రతి కట్ట చివరా జిగురు రాసి, పసుపు కలిపిన బొంబాయి రవ్వ అద్దాను, వెన్నుల్లాగా. అలా అద్దినవన్నీ లోపలికి పెట్టి పేర్చేశాను. బయటికి ఒక్క గింజ కనపడదు. కనపడని దానికి ఇంత శ్రమ ఎందుకంటే ఏం చెప్పను? మా నాన్న కుప్ప పైన నిలబడి అందుకుంటుంటే నేను కింద నుంచి విసిరేవాణ్ణి. వెన్ను బయటికి వస్తే తిట్టేవాడు. నా చేతికి వేరే రకంగా పేర్చడం రాదు.

మా ఆవిడ రవ్వ డబ్బా తీసి చూసుకుని, 'ఉప్మా లేదీపూట. రవ్వంతా రోబో తినేసింది' అని మెట్ల మీద నుంచి కేకేసింది. అప్పుడు దసరా సెలవులు. తేజు మా ఇంట్లోనే ఉంది. పడీపడీ నవ్వింది.

విన్నారు కదా. అది మైకులో చెప్పింది తెలివితక్కువ మాట కాదండి. మా ఇంట్లో మాట. వడ్లేవని అడిగితే, దానికి తెలిసినంతలో అదే నిజం.

ఆ సెలవులంతా అది నా పక్కన కూర్చుంది. నా బొమ్మపని చూసి వెక్కిరించనిది అదొక్కతే. మావయ్యా, ఇది ఎందుకాగిపోయింది, దీనికి ఆకలేస్తుందా, అని అడిగేది. చివర్లో రంగు మెరవకుండా ఒక స్ప్రే కొట్టాలండి. వాన పట్టిన రోజు కొట్టకూడదట, నాకు తెలియదు. ముసురులో కొట్టేశాను. బొమ్మంతా తెల్లటి పొర కమ్మేసింది. ఇన్నాళ్ళ పనీ బూడిద పోసినట్టయింది. తల పట్టుకు కూర్చుంటే అది అటు తిరిగీ ఇటు తిరిగీ చూసి, 'మంచు పడినట్టుందిగా మావయ్యా, తెల్లారినట్టుంది' అంది. చూద్దును కదా, నిజమే. మీరు హాల్లో మెచ్చుకున్న మంచు అదేనండి. నా తప్పు, దాని చూపు.

తర్వాత అంది, 'పాపం, దీనికి తోడెవరూ లేరుగా.' చెవిలో పెట్టుకునే దూది పుల్ల విరిచి, నలిపి, రెండు పిన్నులు కాళ్ళుగా గుచ్చి, ఒక కొంగని చేసింది. రోబో భుజం మీద పెట్టింది. నేను సాయం పట్టలేదు. ఆ కొంగ పూర్తిగా దానిదే.

అంతవరకూ బాగానే ఉందండి. బొమ్మ కట్టడంలో ఏం తప్పుంది? తప్పంతా ఆ తర్వాతే.

మా పెద్దవాడు శ్రీకర్‌కి చీరాల నుంచి సంబంధం వచ్చింది. సాంబశివరావు గారని, కోల్డ్ స్టోరేజీ ఉంది వాళ్ళకి. మాటలు అయిపోయి, అప్పటికే బావగారూ బావగారూ అని పిలుచుకుంటున్నాం. ఇల్లు చూడ్డానికి వచ్చి, డాబా చూస్తానని మెట్లెక్కారు. గది తలుపు తీసే ఉంది. 'ఇదేంటి బావగారూ, మరమనిషి! ఎవరిది?' అన్నారు.

ఎంతసేపు పట్టింది నాకు? రెప్పపాటు కూడా పట్టలేదు. 'మా మేనకోడలు చేసిందండి. సెలవుల్లో' అన్నాను.

తేజు అక్కడే ఉంది. నా వంక చూసి ఊరుకుంది.

ఆయన పొంగిపోయారు. ఆయనా ఆ బాపట్ల బడి కమిటీలో ఒకరట. ఇంత తెలివైన పిల్ల మా బడిలోనే చదువుతూ ఇలా దాక్కుంటే ఎలాగ, ప్రదర్శనకి పెట్టవలసిందే, అని అక్కడికక్కడే హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫోన్ చేశారు. నేను వద్దనబోయాను. ఏమని వద్దంటాను?

దాన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పానండి. చెప్పుకోవడానికే... ఆ వెదురు బద్ద నాకివ్వండి, పట్టుకుంటాను. ఊరికే కూర్చుని చెప్పలేను.

రోబో భుజం ఎలా తిరుగుతుందో చెప్పాను. తుప్పు రంగు ఏ రెండు రంగులు కలిపితే వస్తుందో, బోదెలో నీళ్ళకి ఏ జిగురు పోశామో చెప్పాను. ఎక్కాల్లాగా అప్పజెప్పించుకున్నాను. 'మావయ్యా, అడిగితే నువ్వు కూడా చేశావని చెప్పనా?' అంది. వద్దమ్మా అన్నాను. 'కొంగ మాత్రం నేనే చేశానని చెప్పొచ్చా?' అంది. అన్నీ నువ్వే చేశావని చెప్పాలి కదమ్మా అన్నాను.

కుప్ప గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కుప్ప గురించి చెప్పాలని నాకెందుకు తోస్తుందండీ? మనిషికి నేర్పవలసినవి భుజాలూ జిగుర్లూ కానీ, వెన్నులు లోపలికి పెడతారని కూడా నేర్పాలా? మా ఇంట్లో పుట్టిన పిల్లకి అది తెలిసే ఉంటుందని... లేదు, అలా అనుకోవడం కూడా లేదు. తలపుకే రాలేదు.

చెప్పండి మాస్టారూ, మీ ప్రశ్నే దాన్ని పట్టించిందని అనుకుంటున్నారా? మీ ప్రశ్న కాదు పట్టించింది. నేనే.

ఆఁ? తర్వాత ఏం జరిగిందా?

దానికి రాలేకే ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను.

మీరు పై అంతస్తుకి వెళ్ళారు. హెడ్‌మిస్ట్రెస్ గారు మైకులోనే 'తేజస్వీ, నిజం చెప్పు, ఎవరు చేశారు?' అన్నారు. అది తలెత్తింది. హాలంతా వెతికి, నన్ను పట్టుకుంది కళ్ళతో. అంతే, చూస్తూ ఉంది. చెప్పెయ్యనా, అన్నట్టు కాదు. నువ్వు చెప్తావా, అన్నట్టు.

నా పక్కనే సాంబశివరావు గారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, పాపం నా మీద జాలితోనే, 'ఏంటి బావగారూ, పిల్ల మీతో కూడా అబద్ధం చెప్పిందా?' అన్నారు.

చూడండి, ఎంత తేలికైన దారి! తలుపు తీసి పట్టుకున్నట్టు.

లేచి నిలబడ్డాను. అందరూ తిరిగి చూశారు. 'ఎక్కడి నుంచి తెచ్చావే ఇది? ఇంత మందిలో మా పరువు తీస్తావా?' అన్నాను. గట్టిగా అన్నాను. మైకు లేకుండానే అందరికీ వినపడింది. నాకది నటనలా కూడా అనిపించలేదండి. ఆ నిమిషంలో నాకు నిజంగానే కోపం వచ్చింది. దాని మీదే వచ్చింది. కుప్పకి జవాబు చెప్పలేకపోయిందని.

అది ఏడవలేదు. నా పేరు చెప్పలేదు. ఏమందో తెలుసా?

'సారీ మావయ్యా' అంది.

దానికి అప్పజెప్పించిన పాఠంలో ఆ మాట లేదండి. అది సొంతంగా అన్నది.

ఇంకా వాళ్ళమ్మకి కూడా చెప్పలేదట. ప్రమీల దాన్ని కొట్టిందట, ఎవరి దగ్గర తెచ్చావని. కొట్టినా చెప్పలేదు. మా ఆవిడ ఆ ఫోన్ విని, నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇవాళ పొద్దున ఇస్త్రీ చొక్కా తెచ్చి మంచం మీద పడేసి, 'బొమ్మ మీది, దెబ్బలు దానివి. రేపల్లె బండి ఏడింటికి' అంది. అంతే.

అవునండి. మీరన్నది నిజమే. మీరు ఫోన్ చేస్తే, మాస్టారు పొరబడ్డారంటారు కానీ పిల్ల నిజం చెప్పిందనరు. ఎక్కడికెళ్ళినా అది అబద్ధమే అవుతుంది, ఈసారి మీది. నేను ఇంత దూరం వచ్చింది మిమ్మల్ని కూడా దాని పక్కన నిలబెట్టడానికన్నమాట.

సాంబశివరావు గారా? ఏమనుకుంటారో తెలియదు. సంబంధం వద్దనరు లెండి, ఇంత చిన్నదానికి. కానీ నవ్వుతారు. పెళ్ళిలో, ఆ తర్వాత బారసాలలో, ప్రతి పండక్కీ 'మా బావగారు బొమ్మలు కడతారు' అంటారు. జీవితాంతం అంటారు. ఆ నవ్వుకి భయపడే ఆ పిల్లని...

సరే, లేస్తానండి. ఇక్కణ్ణుంచి ఇటే బాపట్ల బస్సెక్కుతాను. శనివారమే కదా, బడి సాయంత్రం దాకా ఉంటుంది. హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్తాను. సోమవారం ప్రార్థనలో నేనే నిలబడతానంటాను. సాంబశివరావు గారిని కూడా పిలవమంటాను. అడిగినదానికల్లా జవాబు చెప్తాను. కుప్ప గురించి కూడా. ముందు మా చెల్లెలింటికి వెళ్ళాలి. ఆ గది తలుపు తియ్యమని అడగాలి. తీస్తుందో లేదో.

ఇదిగోండి మీ బద్ద. ఈ కొస గట్టిగా కట్టండి, జారుతోంది.

వస్తాను.

...

మాస్టారూ. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాను, ఏమీ అనుకోకండి. ఒక్కటే అడుగుతాను.

మీరు దాని వెనక వైపు చూశారా?

అదేనండి, గోడ వైపు. రోబో వీపుకి, తుపాకీ తగిలించుకునే చోట ఒక కొక్కెం ఉంటుంది. అక్కడ... చూశారా? తిప్పారా మీరు! ఎప్పుడు? అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడా? తువ్వాలు చూశారా? క్యారియర్ కూడానా? పొలంలో పనికొచ్చిన మనిషెవరో దానికి తగిలించి పోయినట్టు! ఆ తువ్వాలు నా పాత లుంగీ అంచండి. గళ్ళు సరిపోవాలని ఎన్ని చోట్ల కత్తిరించానో. క్యారియర్ పెన్ను గొట్టం కోసి చేసింది. మూత కూడా వస్తుంది దానికి. మూత తీసి చూశారా?

తీసి చూశారన్నమాట...

నా మొహం చూడండి మాస్టారూ. నవ్వుతున్నాను కదా.

ఇదండి నేను. పిల్ల మెతుకు ముట్టడం లేదని పరుగెత్తుకొచ్చిన మేనమామని. బండిలో దారంతా దానికోసమే వెళ్తున్నాననుకున్నాను. వచ్చి కూర్చోగానే నా నోటెంట ముందొచ్చిన మాటేంటి? గోడకి ఆనించి పెట్టారని. అప్పుడే మీకు అర్థమై ఉంటుంది. నాకే ఇంతసేపు పట్టింది.

కొంగ గురించి అడగనే లేదు చూశారా. ఆ మొత్తంలో ఆ పిల్ల చేతిది అదొక్కటే. ముందు వైపే ఉంది, అందరికీ కనపడేలా ఉంది. అదెలా ఉందని మిమ్మల్ని అడగాలని నాకు తోచలేదు.

వద్దండి. ఇప్పుడు నాకు చెప్పకండి.

ఎప్పుడైనా దాన్ని చూస్తే, దానికి చెప్పండి.